అంకె ఎప్పుడు ఎర్రబడుతుంది?

తెలుగునాట బడికి వెళ్లినవాళ్లకు ప్రోగ్రెస్ కార్డు మీద ఎర్ర అంకె అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. నీలం సిరాతో వేసిన మార్కుల మధ్య ఎక్కడో ఒకచోట ఎర్రసిరాతో 28 అని కనబడితే, నాన్న సంతకం పెట్టేలోపు ఇంట్లో ఏం జరగబోతోందో పిల్లాడికి ముందే తెలిసిపోయేది. ఆ కార్డు రాసిన టీచరు నిజానికి రెండు పనులు చేసేవారు. ఒకటి, ప్రతి మార్కునూ మనసులో 35తో పోల్చి చూసుకోవడం. రెండోది, అంతకు తగ్గితే నీలం పెన్ను పక్కన పెట్టి ఎర్ర పెన్ను అందుకోవడం. క్లాసులో నలభై మంది, ఆరు సబ్జెక్టులు అంటే 240 పోలికలు. సాయంత్రానికి అలసిన కంటికి ఒకటి రెండు తప్పిపోవడం మామూలే.

ఈ రెండు పనుల్నీ కంప్యూటరుకు అప్పగించే సదుపాయమే కండిషనల్ ఫార్మాటింగ్. ఎక్సెల్‌లో ఉంది, గూగుల్ షీట్స్‌లో ఉంది, ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్‌లోనూ ఉంది. గడిలో ఉన్న విలువ ఈ షరతుకు లోబడితే గడికి ఈ రంగు వేయి అని ఒక్కసారి చెప్పి వదిలేస్తే చాలు. రేపు ఆ విలువ మారితే రంగు కూడా దానంతట అదే మారుతుంది. గడిలోని అంకె మాత్రం చెక్కుచెదరదు. మొత్తాలూ సగటులూ ఎప్పటిలాగే వస్తాయి, ఎందుకంటే రంగు అంకె మీద పరిచిన పొరే తప్ప అంకెలో భాగం కాదు.

చేసేది ఇంతే అయినా, ఈ సదుపాయాన్ని వాడే ప్రతిచోటా ఒక మనిషి తీర్పు దాగి ఉంటుంది. 35 దగ్గర గీత గీసింది యంత్రం కాదు. ఎవరో నిర్ణయించారు, ఎవరో టైపు చేశారు, ఆ తర్వాత యంత్రం దాన్ని విసుగు లేకుండా వేలసార్లు అమలు చేసింది. ఎర్రబడిన గడిని చూసినప్పుడు అడగాల్సింది ఆ గీత గురించే.

స్ప్రెడ్‌షీట్లు పుట్టినప్పుడు వాటికి రంగు లేదు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ ఆపిల్ 2 కంప్యూటరు కోసం తయారుచేసిన విసికాల్క్‌లో 63 నిలువు వరుసలు, 254 అడ్డు వరుసలు ఉండేవి. ఆ తెర మీద అంకెలన్నీ ఒకే తీరుగా కనిపించేవి. 1985లో మెకింటాష్ మీద ఎక్సెల్ వచ్చింది. విలువను బట్టి గడి రూపం మార్చే కండిషనల్ ఫార్మాటింగ్ మాత్రం ఎక్సెల్ 97తో గానీ రాలేదు. అప్పుడు కూడా ఒక గడికి మూడు షరతులకు మించి పెట్టనిచ్చేది కాదు. నాలుగో రంగు కావాలంటే మాక్రో అనే చిన్న ప్రోగ్రాం రాసుకోవాల్సిందే. ఎక్సెల్ 2007 ఆ పరిమితిని తీసేసింది. తక్కువ నుంచి ఎక్కువ దాకా క్రమంగా మారే రంగుల స్కేలు, గడిలోనే గీసే డేటా బార్లు, బాణాలూ ట్రాఫిక్ లైట్ల బొమ్మలూ అప్పుడే వచ్చాయి. అదే ఏడాది షీటులో అడ్డు వరుసలు 65,536 నుంచి 10,48,576కు పెరిగాయి. పది లక్షల వరుసల్లో కావలసిన అంకెను కంటితో వెతకడం ఎలాగూ కుదరదు కాబట్టి, ఈ రెండు మార్పులూ కలిసి రావడం వాడేవాళ్లకు మేలే చేసింది.

పట్టికకు రంగులేసే ఆలోచన స్ప్రెడ్‌షీట్ల కంటే వందేళ్లు పాతది. 1873లో తూసాఁ లువా అనే ఫ్రెంచి గణాంకవేత్త పారిస్ జనాభా మీద ఒక అట్లాస్ ప్రచురించాడు. నగరంలోని 20 వార్డుల్లో ఎవరు ఏ వృత్తిలో ఉన్నారు, ఏ వయసువాళ్లు ఎందరు, ఏ దేశం నుంచి వచ్చినవాళ్లు ఎందరు వంటి 40 అంశాలకు 40 పటాలు వేసి, చివరికి వాటన్నిటినీ ఒకే పట్టికలోకి కుదించాడు. తక్కువ ఉన్నచోట తెలుపు, అక్కడి నుంచి పసుపు, నీలం, ఎక్కువ ఉన్నచోట ఎరుపు. 800 గడులున్న ఆ పట్టికను ఒక్క చూపులో చదవొచ్చు. నేటి ఎక్సెల్ కలర్ స్కేల్ మౌస్ నొక్కగానే చేసిపెట్టేదాన్నే లువా చేతితో చేశాడు.

ఒక్క చూపులో చదవడం ఎలా సాధ్యమవుతోంది? ఈ కింది అంకెల్లో 3 ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టి చూడండి.

6482971536 2083749165 9317420853

నాలుగుసార్లు ఉంది. కానీ ఆ సంగతి తేలడానికి కన్ను మొదటి నుంచి చివరి దాకా ఒక్కొక్క అంకె దగ్గరా ఆగి రావాల్సి వచ్చింది. అంకెలు రెట్టింపైతే సమయమూ దాదాపు రెట్టింపవుతుంది. అదే ఆ నాలుగింటినీ ఎర్రగా అచ్చువేసి ఉంటే వెతకాల్సిన పనే ఉండదు, అవే కంటికి తగులుతాయి. చేటలో బియ్యం ఏరేవాళ్లకు ఇది రోజూ తెలిసే సంగతే: నల్లరాయి చూపు పడగానే దొరుకుతుంది, తెల్లరాయి కోసం గింజ గింజా చూడాలి. 1980లో ఆన్ ట్రీస్‌మన్, గ్యారీ జిలేడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని ప్రయోగాలతో నిరూపించారు. వెతికే వస్తువు మిగిలినవాటికంటే రంగు ఒక్కదానిలో తేడాగా ఉంటే, చుట్టూ ఐదు వస్తువులున్నా ముప్ఫై ఉన్నా పట్టే సమయం పెద్దగా మారలేదు. ఎర్రగానూ ఉండాలి, పైగా ఫలానా ఆకారంలోనూ ఉండాలి అని రెండు లక్షణాలు కలిపి వెతకమన్నప్పుడు మాత్రం వస్తువుల సంఖ్యతో పాటే సమయమూ పెరుగుతూ పోయింది. రంగు, దిశ, కదలిక వంటి ఒంటి లక్షణాలను మెదడు మన ధ్యాసతో పని లేకుండా, చూపు మేరంతా ఒకేసారి గమనిస్తుందని వాళ్ల సిద్ధాంతం.

షీటులో రంగులకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. ఒక్క రంగే వాడి, అదీ తక్కువ గడులకే వాడితే అవి వెంటనే కనిపిస్తాయి. ఏడెనిమిది రంగులు గుమ్మరిస్తే కన్ను మళ్లీ గడి గడికీ ఆగాల్సి వస్తుంది. సగం గడులు ఎర్రబడిన షీటులో ఎరుపుకు విలువేముంటుంది?

ఇప్పుడు ఒక మార్కుల జాబితాను దగ్గరగా చూద్దాం. ఎ వరుసలో రోల్ నంబరు, బిలో పేరు, సి నుంచి హెచ్ వరకు తెలుగు, హిందీ, ఇంగ్లీషు, గణితం, సైన్స్, సోషల్. మొదటి అడ్డు వరుస శీర్షికలకు పోగా, రెండో వరుస నుంచి 41వ వరుస దాకా నలభై మంది పిల్లలు. సి2 నుంచి హెచ్41 దాకా ఎంచుకుని, =సి2<35 అనే షరతు పెట్టి, ఎర్ర రంగు ఇచ్చామనుకుందాం.

సి2 అని ఒకే గడి పేరు చెబితే 240 గడులకు ఎలా సరిపోయింది? స్ప్రెడ్‌షీటు ఆ సూత్రాన్ని ఎంచుకున్న ప్రాంతంలో ఎడమవైపు పై మూలన ఉన్న గడి కోసం రాసినట్టు భావిస్తుంది. డి7 దగ్గరకు వెళ్లినప్పుడు అదే సూత్రాన్ని ఒక వరుస పక్కకూ ఐదు వరుసలు కిందికీ జరిపి =డి7<35 అని చదువుకుంటుంది. ప్రతి గడీ తన గురించి తానే అడుగుతుంది. ఈ జరుపుడు అర్థమైతే కండిషనల్ ఫార్మాటింగ్ ముప్పాతిక వంతు వచ్చేసినట్టే.

అర్థం కాకపోతే వచ్చే తప్పు మామూలుది కాదు. సి2 అనాల్సిన చోట పొరపాటున సి1 అని టైపు చేశారనుకోండి. అప్పుడు ప్రతి గడీ తనను కాక తన పైగడిని చూసి రంగు తెచ్చుకుంటుంది. లెక్కల్లో 78 తెచ్చుకున్న అమ్మాయి గడి ఎర్రగా ఉంటుంది, ఎందుకంటే జాబితాలో ఆమె పైన ఉన్న అబ్బాయికి 28 వచ్చాయి. ఆ 28 మాత్రం తెల్లగానే ఉంటుంది. జాబితాలో చిట్టచివరి పేరును అసలు ఎవరూ పరీక్షించరు. ఎక్కడా ఎర్రర్ రాదు, ఏ హెచ్చరికా ఉండదు. షీటు చూడటానికి అన్ని షీట్లలాగే చక్కగా కనిపిస్తుంది. తల్లిదండ్రుల సమావేశంలో తెర మీద ఆ జాబితా వేస్తే ఆ అమ్మాయికి జరిగే అన్యాయం చిన్నది కాదు. అందుకే కొత్త నియమం పెట్టాక కనీసం మూడు నాలుగు గడులు, ముఖ్యంగా మొదటిదీ చివరిదీ, కంటితో సరిచూసుకోవాలి.

ఒక్క గడి కాకుండా, లెక్కలు తప్పిన పిల్లల వరుస మొత్తం ఎర్రబడాలని కోరుకోవడం కూడా మామూలే. అప్పుడు ఎ2 నుంచి హెచ్41 దాకా ఎంచుకుని =$ఎఫ్2<35 అని రాయాలి. ఎఫ్ ముందున్న డాలర్ గుర్తు, పక్కకు ఎంత జరిగినా ఎఫ్ వరుసను వదలొద్దు అని చెబుతుంది. ఆ ఒక్క గుర్తు మరిచిపోతే ఏమవుతుంది? ఎ గడి ఎఫ్‌ను చూస్తుంది, బి గడి జిని చూస్తుంది, సి గడి హెచ్‌ను చూస్తుంది. డి గడి చూడబోయే ఐ వరుసలో ఏమీ లేదు. పోలికలో ఖాళీ గడి సున్నాతో సమానం, సున్నా 35 కంటే తక్కువ. అందుకని హిందీ నుంచి సోషల్ దాకా నలభై మంది గడులూ ఎర్రబడిపోతాయి. మొదటిసారి ఇది జరిగినప్పుడు కంప్యూటరు పాడైందని అనుకునేవాళ్లున్నారు. అది చెప్పినదాన్ని అక్షరాలా పాటించింది, అంతే.

ఖాళీ గడి సున్నా అయితే, పరీక్షకు రాని పిల్లాడి సంగతి? టీచరు అక్కడ ఆబ్సెంట్ అని రాస్తారు. అది అక్షరం, అంకె కాదు. ఎక్సెల్ పోలికల్లో అక్షరం ఏదైనా ఏ అంకె కన్నా పెద్దదే. కాబట్టి 34 తెచ్చుకున్నవాడు ఎర్రబడతాడు, అసలు పరీక్షే రాయనివాడు తెల్లగా ఉండిపోతాడు. వేరే చోట నుంచి దించుకున్న జాబితాల్లో 28 అన్నది కూడా ఒక్కోసారి అక్షరాలుగా వచ్చిపడుతుంది. గడిలో కుడివైపు కాకుండా ఎడమవైపు అంటుకుని కనిపించడమే దాని గుర్తు. అలాంటి 28 ఎప్పటికీ ఎర్రబడదు.

ఇక ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పరీక్షల్లో గట్టెక్కడానికి మిగిలిన సబ్జెక్టుల్లో 35 కావాలి, హిందీకి మాత్రం 20 చాలు. జాబితా మొత్తానికి 35 అని ఒకే గీత గీస్తే, హిందీలో 24 వచ్చి పాసైన పిల్లలందరూ షీటులో ఫెయిలైనట్టు కనిపిస్తారు. దీనికి తెలివైన మందు ఒకటుంది. శీర్షికల కింద ఒక అడ్డు వరుస చేర్చి, ప్రతి సబ్జెక్టు పాస్ మార్కును అందులో కనిపించేలా రాయాలి: 35, 20, 35, 35, 35, 35. పిల్లలు మూడో వరుసకు జరుగుతారు. సూత్రం =సి3<సి$2 అవుతుంది. ఈసారి డాలర్ గుర్తు 2 ముందుంది కాబట్టి, కిందికి ఎంత దిగినా పాస్ మార్కుల వరుస మీదనే చూపు నిలుస్తుంది, పక్కకు జరిగితే ఆ సబ్జెక్టు పాస్ మార్కు దగ్గరకు వెళ్తుంది. దానికి ముందు, ఈ గడిలో ఉన్నది సంఖ్యేనా అని అడిగే ఇజ్‌నంబర్ ఫంక్షన్‌ను కూడా జతచేస్తే ఖాళీ గడుల బెడదా పోతుంది. ఆబ్సెంట్ అయినవాళ్లకు వేరే నియమం, వేరే రంగు ఇవ్వొచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏ గీత ఆధారంగా రంగు పడుతోందో షీటు తెరిచిన ప్రతివారికీ కనబడుతుంది. సూత్రం లోపల పూడ్చిపెట్టిన 35 ఆ షీటు తయారుచేసినవాళ్లు బదిలీ అయి వెళ్లిపోయాక ఎవరికీ తెలియదు.

నియమాలు ఒకటికి మించితే వాటి వరుస ముఖ్యమవుతుంది. 50 కంటే తక్కువైతే పసుపు, 35 కంటే తక్కువైతే ఎరుపు అని రెండున్నాయనుకుందాం. 20 మార్కులు రెండు షరతులకూ లోబడతాయి. పైన ఉన్న నియమానిదే మాట కనుక పసుపు పైనుంటే 20 పసుపుగానే ఉండిపోతుంది. కఠినమైన షరతును పైకి చేర్చాలి.

మందుల దుకాణాల్లో, ఆసుపత్రి స్టోర్లలో ఈ సదుపాయం చేసే మేలు మరో రకంది. మందుల జాబితాలో డి వరుసలో గడువు తేదీలుంటే, =$డి2-టుడే()<=30 అనే షరతు ముప్ఫై రోజుల్లోపు గడువు తీరే మందుల్ని పసుపు చేస్తుంది. గడువు దాటినవి ఎర్రబడాలంటే =$డి2<టుడే() అనే నియమాన్ని దానికి పైన పెట్టాలి. టుడే ఫంక్షన్ ప్రతిరోజూ ఆ నాటి తేదీని ఇస్తుంది కాబట్టి, షీటును ఎవరూ ముట్టుకోకపోయినా ఉదయం తెరిచేసరికి నిన్న తెల్లగా ఉన్న వరుస ఇవాళ పసుపై కనిపిస్తుంది. చేతితో రంగులేసిన జాబితా ఈ పని చేయలేదు.

ఇప్పటిదాకా చూసినవన్నీ అవును, కాదు అని తేల్చే షరతులు. కలర్ స్కేల్ అలా తేల్చదు. ఎక్సెల్‌లో తరచుగా వాడే మూడు రంగుల స్కేలు అతి తక్కువ విలువకు ఎరుపు, మధ్యస్థానికి పసుపు, అతి ఎక్కువ విలువకు ఆకుపచ్చ ఇచ్చి, మధ్య విలువలకు రంగుల్ని కలిపి వడ్డిస్తుంది. తెర మీద ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల మిశ్రమం. ఒక్కొక్కటీ 0 నుంచి 255 దాకా ఉంటుంది. ఎక్సెల్ ఇచ్చే ఎరుపు 248, 105, 107. పసుపు 255, 235, 132. ఈ రెంటికీ సరిగ్గా మధ్యలో పడిన విలువకు వచ్చేది దాదాపు 251, 170, 119, అంటే నారింజ. ఏ మాయా లేదు, మూడు సగటులు తీశారు.

ఈ లెక్కలో ఒక బలహీనత ఉంది. ఒక మండలంలో వారం రోజుల వాన మిల్లీమీటర్లలో 12, 9, 15, 11, 14, 10, చివరి రోజు తుపాను వల్ల 210 అనుకుందాం. తెలుపు నుంచి నీలానికి వెళ్లే రెండు రంగుల స్కేలు వేస్తే 9 తెలుపు, 210 ముదురు నీలం. 15 ఎక్కడ? మొత్తం తేడా 201లో దాని వాటా 6, అంటే మూడు శాతం. కంటికి అదీ తెలుపే. మొదటి ఆరు రోజుల మధ్య ఉన్న తేడాలన్నీ ఒక్క తుపాను దెబ్బకు మాయమవుతాయి. స్కేలు కొసలను కనిష్ఠ, గరిష్ఠ విలువలకు కాకుండా పర్సంటైల్‌కు, అంటే విలువల్లో ఇంత శాతం దాని లోపే ఉండే హద్దుకు, కట్టుకోవడమో, మనమే ఒక అర్థవంతమైన హద్దు రాసుకోవడమో దీనికి విరుగుడు. డేటా బార్లు కూడా మొదట్లో ఇలాంటి ఇబ్బందే పెట్టాయి. 2007లో సున్నా విలువకూ చిన్న పట్టీ కనబడేది, 2010లో దాన్ని సరిదిద్దారు.

ఎరుపు, ఆకుపచ్చ జంటకు మరో చిక్కు ఉంది. మన కంటి రెటీనాలో రంగు చూసే కోన్ కణాలు మూడు రకాలు. వాటిలో ఎరుపు వైపు, ఆకుపచ్చ వైపు మొగ్గే రెండు రకాల వర్ణకాల జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. ఒకదానికొకటి ఎంతగా పోలి ఉంటాయంటే, కణ విభజనలో అవి తారుమారు కావడం తేలిక. మగవాళ్లకు ఎక్స్ ఒక్కటే కాబట్టి ఆ లోపాన్ని కప్పిపుచ్చే రెండో ప్రతి ఉండదు. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో దాదాపు 8 శాతం మందికి, ఆడవాళ్లలో అర శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. పరమాణు సిద్ధాంతంతో పేరొందిన జాన్ డాల్టన్ వాళ్లలో ఒకడు. 1794లో మాంచెస్టర్‌లోని ఒక విద్వత్సభలో తన చూపు గురించి తానే వ్యాసం చదివాడు. తన కంటి లోపలి ద్రవం నీలంగా ఉండటమే కారణమని ఊహించి, చనిపోయాక పరీక్షించమన్నాడు. 1844లో పరీక్షిస్తే ద్రవం మామూలుగానే ఉంది. భద్రపరిచిన ఆ కంటి నుంచి డీఎన్ఏ తీసి 1995లో చూసినప్పుడు, ఆకుపచ్చ వైపు మొగ్గే వర్ణకం లేదని తేలింది. డాల్టన్ ముందు నేటి ఎక్సెల్ షీటు పెడితే అట్టడుగు విలువా అత్యున్నత విలువా ఒకే మట్టిరంగులో కలిసిపోయేవి.

డాల్టన్ దాకా ఎందుకు, మన ఆఫీసుల్లో జిరాక్స్ మిషన్ ఉంది. ఎక్సెల్ స్కేలులోని ఎరుపూ ఆకుపచ్చా దాదాపు ఒకే వెలుగున్న రంగులు, మధ్యలో ఉండే పసుపు వాటికన్నా లేత. రంగు షీటును నలుపు తెలుపులో ప్రింటు తీస్తే అధమమూ ఉత్తమమూ దగ్గరదగ్గర బూడిదరంగులో, మధ్యస్థం మాత్రం తెల్లగా వస్తాయి. చదివేవాళ్లకు మిగిలేది గందరగోళమే. లేత నుంచి ముదురుకు నడిచే ఒకే రంగు స్కేలు అయితే ప్రింటులోనూ నిలుస్తుంది, వర్ణాంధత ఉన్నవాళ్లకూ అందుతుంది. సున్నాకు రెండువైపులా వెళ్లే విలువలైతే నీలం, నారింజ జంట మంచిది. పటాలకు రంగులు ఎంచుకోవడం మీద పరిశోధన చేసిన అమెరికన్ భూగోళ శాస్త్రవేత్త సింథియా బ్రూవర్ ఇలాంటి రంగుల వరుసలను కలర్‌బ్రూవర్ పేరుతో అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు.

రంగుకు అర్థం కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. ముంబయి స్టాక్ మార్కెట్ వార్తల్లో ఎరుపంటే పతనం, చైనా మార్కెట్లలో ఎరుపంటే పెరుగుదల. మన వాతావరణశాఖ వర్షపాత పటాల్లో సాధారణం కంటే 20 నుంచి 59 శాతం తక్కువ కురిస్తే ఎరుపు, 60 నుంచి 99 శాతం తగ్గితే పసుపు. ఆ పట్టిక అలవాటు లేని రైతు పసుపు జిల్లాను చూసి ఎర్ర జిల్లా కన్నా నయమనుకునే ప్రమాదం ఉంది. అదే శాఖ హెచ్చరికల్లో వరుస వేరు: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని తీవ్రత పెరుగుతూ పోతుంది. రంగుల పక్కన వాటి వివరం ఉండి తీరాలని అడగడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

ఇక గీత గీయడంలో ఉన్న బరువు. దేశంలో గాలి నాణ్యత సూచీని ఆరు రంగుల్లో చూపిస్తారు. 101 నుంచి 200 వరకు ఓ మోస్తరు, పసుపు. 201 నుంచి 300 దాకా నాసిరకం, నారింజ. ఒక ఊళ్లో 199, పక్క ఊళ్లో 202 ఉంటే పీల్చే గాలిలో చెప్పుకోదగ్గ తేడా లేదు, పటంలో రంగు మాత్రం మారిపోతుంది. మరోవైపు 105, 199 ఒకే పసుపులో కలిసిపోతాయి. గీత లేకుండా ప్రజలకు సూటిగా చెప్పడం కష్టం, గీత గీస్తే ఈ నష్టం తప్పదు.

2020లో, కోవిడ్ కాలంలో, ఈ దేశంలోని ప్రతి కుటుంబమూ ఒక రంగుల పట్టికలో గడిగా బతికింది. ఏప్రిల్ 30న కేంద్ర ఆరోగ్యశాఖ 733 జిల్లాలను మూడు రంగులుగా విభజించి రాష్ట్రాలకు జాబితా పంపింది: 130 రెడ్, 284 ఆరెంజ్, 319 గ్రీన్. కేసుల సంఖ్య, అవి రెట్టింపయ్యే వేగం, పరీక్షలు ఎంత విస్తృతంగా జరిగాయి అన్నవి కొలమానాలు. 21 రోజులుగా కొత్త కేసు లేకపోతే గ్రీన్. అప్పటి ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాల్లో కృష్ణా, గుంటూరు, కర్నూలు, నెల్లూరు, చిత్తూరు ఎర్రబడ్డాయి, విజయనగరం ఒక్కటే ఆకుపచ్చగా మిగిలింది. తెలంగాణలో హైదరాబాద్‌తో పాటు సూర్యాపేట, వికారాబాద్ వంటివి రెడ్ జాబితాలోకి వెళ్లాయి. మే 4 నుంచి ఆ రంగును బట్టే బతుకు నడిచింది. రెడ్ జిల్లాలో ఆటో తిరగదు, బస్సు కదలదు, క్షౌరశాల తెరుచుకోదు. గ్రీన్ జిల్లాలో సగం సీట్లతో బస్సులు నడపవచ్చు. కేంద్రం ఇచ్చిన రంగును రాష్ట్రాలు పెంచవచ్చు గానీ తగ్గించడానికి వీల్లేదు.

ఆ పట్టికలో జిల్లా ఒక్కటే గడి. జిల్లాలో వైరస్ అడుగు పెట్టని మండలాలు ఎన్ని ఉన్నా గడి రంగు ఒక్కటే, అక్కడి ఆటోడ్రైవరు సంపాదన ఆగిపోయేదీ ఆ రంగుతోనే. గడి ఎంత పెద్దదిగా తీసుకోవాలి, 21 రోజులా 14 రోజులా అన్న నిర్ణయాల్లో ఉన్న శక్తి రంగులో లేదు. ఆ కొలమానాలను రంగుతో పాటే జనానికి చెప్పినందువల్ల వాటి మీద ప్రశ్నించడానికీ వాదించడానికీ వీలు కలిగింది. రంగు మాత్రమే ప్రకటించి గీతను దాచుకున్న చోట ఆ అవకాశమే ఉండదు.

అర్థాన్ని రూపంలో మాత్రమే దాచుకుంటే ఎలా జారిపోతుందో చెప్పే ఘటన ఒకటి 2008 సెప్టెంబరులో న్యూయార్క్‌లో జరిగింది. దివాలా తీసిన లేమన్ బ్రదర్స్ ఆస్తులను బార్‌క్లేస్ బ్యాంకు కొంటోంది. తీసుకోబోయే ఒప్పందాల జాబితా ఎక్సెల్‌లో ఉంది, అక్కర్లేని వరుసలను దాచిపెట్టారు. కోర్టుకు సమర్పించడానికి ఒక న్యాయసంస్థ ఆ ఫైలును రాత్రికి రాత్రి పీడీఎఫ్‌గా మార్చినప్పుడు దాచిన వరుసలు బయటికొచ్చాయి. బార్‌క్లేస్ వద్దనుకున్న 179 ఒప్పందాలు కొనుగోలు జాబితాలో చేరిపోయాయి. వాటిని తీసేయమని తర్వాత కోర్టును వేడుకోవాల్సి వచ్చింది.

దాచిన వరుసకు పట్టిన గతే రంగుకూ పడుతుంది. షీటును సీఎస్‌వీ ఫైలుగా సేవ్ చేస్తే రంగులన్నీ పోతాయి, అంకెలే మిగులుతాయి. ఎర్రగడులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమంటే కౌంట్‌ఇఫ్ ఫంక్షన్ లెక్కపెట్టలేదు, అది విలువల్ని చూస్తుందే తప్ప రంగుల్ని చూడదు. అందువల్ల జాగ్రత్తగా పనిచేసేవాళ్లు పక్కన ఫలితం అనే వరుస పెట్టుకుని, ఇఫ్ సూత్రంతో పాస్, ఫెయిల్, ఆబ్సెంట్ అని మాటల్లోనే రాయించి, రంగును ఆ మాట మీద ఆధారపడేలా చేస్తారు. అప్పుడు లెక్కపెట్టొచ్చు, ఫిల్టర్ చేయొచ్చు, జిరాక్స్ తీసి నోటీసు బోర్డుకు అతికించొచ్చు.